చేపల పులుసులో మట్టి వాసన.. తప్పు చేపదా, నీళ్లదా? కత్తిపరిగ వెనక అసలు సంగతి ఇదే!

మార్కెట్లో చేప నిగనిగలాడుతూ కనిపించింది. ధర కూడా చేతికి అందేలా ఉంది. ఇంటికి తెచ్చి, కడిగి, కారం, మసాలా దట్టించి పులుసు పెట్టారు. వీధి చివరిదాకా ఘుమఘుమలు. తీరా ముక్క నోట్లో పెట్టుకుంటే.. బురద నమిలినట్టు ఉంది! "ఈ చేప ఇంకెప్పుడూ తేవొద్దు" అని ఇంట్లో వాళ్లు తేల్చేశారు.

నది సముద్రంలో కలిసే చోట దొరికే కత్తిపరిగ చేప విషయంలో చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. ఒక్కసారి మట్టి వాసన తగిలితే చాలు, ఆ చేప మీద 'బురద చేప' అనే ముద్ర పడిపోతుంది. ఆ ముద్ర పడితే నష్టపోయేది తినేవాళ్లు మాత్రమే కాదు.. తెల్లవారుజామున మోకాలి లోతు బురదలో దిగి దాన్ని పట్టిన వాళ్లు కూడా. కష్టం అంతే, ధర మాత్రం సగం.

మరి ఆ వాసన నిజంగా చేపదేనా? బురద తింటుంది కాబట్టే బురద రుచి వస్తుందా? చింతపండు పులుసు పోస్తే వాసన ఎందుకు తగ్గుతుంది? ఏ వాసన వస్తే భయపడక్కర్లేదు, ఏ వాసన వస్తే చేపను పారేయాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

కోడిలాగే దీనికీ 'కందనకాయ' ఉంటుంది!

కత్తిపరిగను ఇంగ్లీషులో గ్రే మల్లెట్ అంటారు. శాస్త్రీయ నామం మ్యూజిల్ సెఫాలస్. తీరంలో ఊరు మారితే దీని పేరూ మారుతుంది. పొడవాటి ఒళ్లు, వెండిలా మెరిసే పెద్ద పొలుసులు, పైన చదునుగా ఉండే తల, చిన్న నోరు.. ఇవీ దీని గుర్తులు. మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి మూరెడు లోపే ఉన్నా, వదిలేస్తే దాదాపు మీటరు పొడవు వరకు పెరగగలదు.

ఇది ఉప్పునీళ్లలోనూ బతుకుతుంది, మంచినీళ్లలోనూ బతుకుతుంది. గుడ్లు పెట్టేది మాత్రం సముద్రంలోనే. పుట్టిన పిల్లలు పోటు నీళ్లతో పాటు నది మొగల్లోకి, ఉప్పుటేర్లలోకి, మడ అడవుల మధ్య కాలవల్లోకి వచ్చేస్తాయి. అక్కడ మేత ఎక్కువ, పెద్ద చేపల బెడద తక్కువ. పెరిగి పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్లీ సముద్రం బాట పడతాయి. గౌతమి, వశిష్ట పాయలు కడలిలో కలిసే చోట్ల నుంచి కృష్ణా మొగ వద్ద హంసలదీవి, నాగాయలంక ప్రాంతం వరకు, దక్షిణాన పులికాట్ సరస్సు వరకు ఇలాంటి చేపలకు అనువైన ఉప్పు, మంచినీళ్లు కలిసిన నీరు ఉంది.

ఇక దీని తిండి దగ్గరే అసలు కథ మొదలవుతుంది. కత్తిపరిగ వేటాడే చేప కాదు. నీటి అడుగున మట్టి మీద పేరుకునే పచ్చటి నాచు, కంటికి కనపడని సూక్ష్మ శైవలాలు, కుళ్లిన ఆకుల తుక్కు.. ఇదే దీని భోజనం. పైపొర మట్టిని నోటితో పీల్చి, అందులో మేతను వడపోసుకుని, మిగతాది బయటకు ఊసేస్తుంది. కొంత ఇసుక మాత్రం కడుపులోకి పోతుంది. ఆ ఇసుకకీ పని ఉంది. కోడికి కందనకాయ ఉన్నట్టే దీని కడుపులోనూ మందపాటి కండరంతో గట్టి సంచి ఉంటుంది. మింగిన ఇసుక సాయంతో అది నాచును నూరేస్తుంది. అందుకే చేపను కోసినప్పుడు లోపల గట్టి ముద్ద, దాని నిండా బూడిద రంగు బురద కనిపిస్తాయి.

ఇది చూసినవాళ్లు "చూశావా, బురద తింటుంది కాబట్టే బురద వాసన" అనేస్తారు. సగం నిజం. మిగతా సగం వేరే ఉంది.

తొలకరి వాన వాసనే.. పులుసులో పడింది!

ఎండాకాలం చివర తొలి చినుకులు పడగానే నేల నుంచి ఒక కమ్మటి వాసన లేస్తుంది. గుండెల నిండా పీల్చుకుంటాం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అయితే కాల్చిన మట్టి నుంచి ఆ పరిమళాన్ని పట్టి 'మిట్టీ అత్తర్' పేరుతో అమ్ముతారు. ఆ వాన వాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. 1965లో అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి ఆ పేరు పెట్టారు. గ్రీకులో 'భూమి వాసన' అని అర్థం. బీట్‌రూట్‌లో వచ్చే మట్టి వాసనకు కారణం కూడా ఇదే.

చేపలో మట్టి రుచికి ప్రధాన కారణం కూడా ఈ జియోస్మినే. దీనికి తోడు 2-ఎంఐబీ అనే మరో పదార్థం ముక్క వాసన వచ్చేలా చేస్తుంది. ఈ రెండింటినీ చేప తయారు చేయదు. నీటిలో, మట్టిలో ఉండే కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని బ్యాక్టీరియాలు తయారు చేస్తాయి. అవి నీటిలో కలుస్తాయి. చేప ఊపిరి తీసుకునేటప్పుడు మొప్పల ద్వారా నేరుగా రక్తంలోకి, అక్కడి నుంచి కొవ్వులోకి చేరిపోతాయి. మేతతో పాటు కడుపులోకి పోయేది అదనం.

అంటే.. మట్టి మింగకపోయినా సరే, అలాంటి నీళ్లలో ఉంటే చాలు, చేపకు వాసన పట్టేస్తుంది. చెరువులో మేత వేసి పెంచిన తిలాపియా, కట్ల లాంటి చేపలకు కూడా ఒక్కోసారి మట్టి వాసన రావడానికి కారణం ఇదే.

మరి కొంచెమే ఉంటే సరిపోదా? ఇక్కడే చిక్కు. జియోస్మిన్‌ను పసిగట్టడంలో మనిషి ముక్కు చాలా చురుకు. లీటరు నీటిలో 5 నానోగ్రాములు ఉన్నా చాలామంది గుర్తుపట్టేస్తారు. ఈ లెక్క ఎంత చిన్నదో అర్థం కావాలంటే.. ఒక్క గ్రాము జియోస్మిన్‌ను 20 కోట్ల లీటర్ల నీళ్లలో, అంటే దాదాపు 80 ఒలింపిక్ ఈత కొలనుల్లో కలిపినా మన ముక్కుకి తెలిసిపోతుందన్నమాట!

ఊరటనిచ్చే విషయం ఏంటంటే, చేపలో ఉండే ఈ కొద్దిపాటి జియోస్మిన్ వల్ల ఆరోగ్యానికి హాని లేదు. పాడయ్యేది రుచి మాత్రమే.

పులసకు ఒప్పుకున్నాం.. కత్తిపరిగకు ఎందుకు ఒప్పుకోం?

"పుస్తెలు అమ్మైనా పులస తినాలి" అంటారు గోదావరి జిల్లాల్లో. సముద్రంలో ఉన్నప్పుడు మామూలు ధర పలికే చేప, వరద గోదావరికి ఎదురీదితే రుచి మారి బంగారమైపోతుందని అందరూ నమ్ముతారు. అంటే నీళ్లు మారితే రుచి మారుతుందని తెలుగువాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. అదే సూత్రం కత్తిపరిగకూ వర్తిస్తుంది. కాకపోతే ఇక్కడ దిశ రివర్స్!

సముద్రం వైపు, ఉప్పు ఎక్కువగా ఉండి ఆటుపోట్లకు నీళ్లు రోజూ మారే చోట పట్టిన చేపకు మట్టి వాసన తక్కువ. ఎందుకంటే ఈ వాసన పుట్టించే సూక్ష్మజీవుల్లో ఎక్కువ శాతం మంచినీళ్లలో, ఉప్పు తక్కువ ఉన్న నీళ్లలోనే జోరుగా పెరుగుతాయి. లోపలికి, కదలిక లేని కాలవల్లోకి, డ్రెయిన్లు వచ్చి కలిసే చోట్లకు వెళ్లేకొద్దీ వాసన పెరుగుతుంది.

కాలం కూడా ముఖ్యమే. ఎండాకాలంలో నదిలో ప్రవాహం తగ్గుతుంది. నీళ్లు వేడెక్కుతాయి. పొలాల నుంచి ఎరువులు, చెరువుల నుంచి వదిలిన మురుగు నీళ్లు కాలవల్లో నిలిచిపోతాయి. నాచుకు అంతకన్నా పండగ ఏముంటుంది? నీళ్లు పచ్చగా మారాయంటే ఆ నీటి చేపకు వాసన పట్టే అవకాశం ఎక్కువని అర్థం.

ఇక్కడే మరో ఇబ్బంది ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్లు సముద్రంలో వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. సముద్రపు చేప తగ్గినప్పుడు సహజంగానే చూపు ఏటి చేప వైపు మళ్లుతుంది. సరిగ్గా అదే ఎండాకాలం.. మట్టి వాసన ఎక్కువయ్యే కాలం. ఆ రెండు నెలల్లో మొదటిసారి కత్తిపరిగ తిన్నవాళ్లు జీవితాంతం దాన్ని తిట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

వల చూస్తే ఎగిరి దూకే చేప

కత్తిపరిగను పట్టడం అంత తేలిక కాదు. గుంపులుగా, నీటి పైపైనే తిరుగుతాయి. చూపు, ఒంటి స్పర్శ రెండూ చురుకే. పడవ అడుగున తెడ్డు తగిలిన చప్పుడుకే గుంపు మొత్తం చెదిరిపోతుంది. అంతేకాదు, వల చుట్టుముట్టిందని తెలిస్తే నీటి మీద నుంచి ఎగిరి, వల దాటి అవతలికి దూకేస్తుంది. గాలానికి కూడా అంత సులువుగా పడదు. నోరు చిన్నది, తినేది నాచు. వానపాము గుచ్చి వేస్తే చాలాసార్లు పట్టించుకోదు. పిండి ముద్ద, అన్నం మెతుకులు లాంటివి వాడితే కాస్త ఫలితం ఉంటుంది.

అందుకే మొగల్లో ఎక్కువగా విసురు వలను నమ్ముకుంటారు. పోటు నీళ్లు ఎక్కేటప్పుడు గుంపులు కాలవల్లోకి మేతకు వస్తాయి, ఆటుకు తిరిగి వెళ్తాయి. ఆ దారి తెలిసినవాళ్లు చప్పుడు చేయకుండా కాపు కాసి, నీటి మీద సన్నటి అల కదలిక చూసి వల విసురుతారు. కాలవకు అడ్డంగా వల కట్టి, నీళ్లు దిగేదాకా ఎదురుచూసే పద్ధతి కూడా ఉంది. చీకటి రాత్రుల్లో చేపకు వల కనపడదు కాబట్టి అప్పుడు వేట బాగుంటుంది.

కేరళ బ్యాక్‌వాటర్స్‌లో అయితే ఈ చేప దూకుడునే ఆయుధంగా మార్చుకున్నారు. 'చంగాడం' అనే పాత పద్ధతిలో రెండు సన్నటి పడవల్ని జతగా కట్టి, మధ్యలో గొలుసు నీటిలో ఈడుస్తూ వెళ్తారు. బెదిరిన చేపలు ఎగిరి నేరుగా పడవలోనే పడతాయి!

బ్రెజిల్‌లోని లగునా పట్టణంలో ఇంకో వింత. అక్కడ డాల్ఫిన్లు కత్తిపరిగ జాతి చేపల గుంపును ఒడ్డు వైపు తోలుకొస్తాయి. మోకాలి లోతు నీళ్లలో వరుసగా నిలబడ్డ మత్స్యకారులు డాల్ఫిన్ కదలికను బట్టి ఒక్కసారిగా విసురు వలలు వేస్తారు. చెదిరిన చేపలు డాల్ఫిన్లకు, వలలో పడ్డవి మనుషులకు. వందేళ్లకు పైగా ఈ పొత్తు నడుస్తోంది.

వాసన తగ్గేది, పెరిగేది.. పట్టిన మొదటి గంటల్లోనే

చేప పైకి వచ్చాక చేసే పని కూడా రుచిని నిర్ణయిస్తుంది. కత్తిపరిగ కడుపు నిండా నాచు, బురద, ఇసుక ఉంటాయి. ఎండలో వదిలేస్తే పొట్ట త్వరగా మెత్తబడి పగులుతుంది. లోపలి రసం మాంసానికి అంటుతుంది. అప్పుడు మట్టి వాసనకు తోడు కుళ్లు వాసన కూడా చేరుతుంది. అందుకే పట్టిన వెంటనే ఐసులో పెట్టడం, వీలైనంత త్వరగా పొట్ట శుభ్రం చేయడం చాలా ముఖ్యం.

బతికున్న చేపకైతే మరో దారి ఉంది. జియోస్మిన్ ఒంట్లోకి గంటల్లోనే ఎక్కుతుంది కానీ, దిగడానికి రోజులు పడుతుంది. శుభ్రమైన, పారే నీటిలో మేత వేయకుండా కొన్నాళ్లు ఉంచితే వాసన క్రమంగా వదులుతుంది. కొవ్వు ఎక్కువ ఉన్న చేపకు వారాలు కూడా పట్టొచ్చు. చేపల పెంపకం చేసే చాలా దేశాల్లో అమ్మే ముందు ఇలాగే చేస్తారు. ఒక బకెట్ నీళ్లలో ఒక పూట ఉంచితే మాత్రం పెద్దగా తేడా రాదు.

చింతపండు మహిమ.. వట్టి మాట కాదు

ఇక వంటింటి సంగతి. మన అమ్మమ్మలు ఏటి చేప అనగానే వేపుడు కాకుండా పులుసు వైపే ఎందుకు మొగ్గేవాళ్లు? దీనికి సైన్స్ పరంగా కూడా కారణం కనిపిస్తుంది. జియోస్మిన్ ఆమ్లం తగిలితే మారిపోతుంది. వాసన లేని మరో పదార్థంగా విడిపోతుంది. చింతపండు, మామిడికాయ, నిమ్మకాయ, మజ్జిగ.. వీటన్నిటిలో ఆమ్లం ఉంది. అయితే ఇవి బలమైన ఆమ్లాలు కావు కాబట్టి వాసన పూర్తిగా పోదు, తగ్గుతుంది. మిగిలినదాన్ని మెంతులు, వెల్లుల్లి, ధనియాలు, కరివేపాకు కప్పేస్తాయి. ఉత్తి వేడితో మాత్రం ఇది తేలిగ్గా పోదు. అందుకే ఉప్పు, కారం రాసి వేయిస్తే మట్టి వాసన అలాగే నాలుకకు తగులుతుంది.

ఇంట్లో పాటించాల్సినవి ఇవే:

1. పొట్ట జాగ్రత్తగా కోయాలి. లోపలి గట్టి సంచి, పిత్తాశయం పగలకూడదు. పగిలితే బురద ఒకవైపు, చేదు మరోవైపు.

2. మొప్పలు పూర్తిగా తీసేయాలి. బురద ఎక్కువగా చిక్కుకునేది అక్కడే.

3. పొట్ట లోపలి గోడకు నల్లటి పలచటి పొర ఉంటుంది. ఇది రోగం కాదు, ఈ చేపకు సహజం. కానీ అలాగే వదిలేస్తే రుచి చెడుతుంది. కళ్లుప్పు వేసి గట్టిగా రుద్దితే వచ్చేస్తుంది.

4. వాసన ఎక్కువగా దాగేది కొవ్వులో. వెన్నుకు, పొట్టకు మధ్య పొడవునా ఉండే ముదురు ఎరుపు కండ, పొట్ట కింది కొవ్వు భాగం, తోలు తీసేస్తే సగం సమస్య తీరినట్టే.

5. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, పలచటి చింతపండు నీళ్లలో గానీ, పుల్ల మజ్జిగలో గానీ 20 నిమిషాలు ఉంచాలి. ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లతో కడిగి, అప్పుడు వండాలి.

6. పులుసు కాస్త చిక్కగా, పులుపు ఎక్కువగా ఉండాలి. నెల్లూరు పద్ధతిలో చింతపండుకు తోడు పచ్చి మామిడికాయ ముక్కలు వేస్తే ఇంకా మంచిది. రాత్రి వండి పొద్దున తింటే ముక్కకు పులుపు బాగా పడుతుంది. అయితే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బాగా మరిగించడం మర్చిపోవద్దు.

ఈ వాసన వస్తే మాత్రం తినొద్దు

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మట్టి వాసన వేరు, ప్రమాదకరమైన వాసన వేరు. రెండింటినీ ఒకటే అనుకుని చింతపండుతో కప్పేయడం పెద్ద తప్పు.

తడి మట్టి, బీట్‌రూట్ వాసన వస్తే అది జియోస్మిన్. రుచి సమస్యే, ఆరోగ్య సమస్య కాదు.

ఘాటుగా, ముక్కుకు కొట్టేలా అమ్మోనియా వాసన, కుళ్లు వాసన వస్తే చేప చెడిపోయినట్టే. కళ్లు లోపలికి పోవడం, మొప్పలు గోధుమ రంగుకు తిరగడం, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోవడం కూడా దీనికి గుర్తులు.

కిరోసిన్, డీజిల్, మందుల వాసన వస్తే ఆ నీళ్లలో చమురో, రసాయనాలో కలిశాయని అనుమానించాలి. ఎంత కడిగినా, ఎంత పులుపు పోసినా అవి పోవు. అలాంటి చేపను పారేయడమే మంచిది.

ఇంకో మాట. సీసం, పాదరసం లాంటి లోహాలకు వాసనే ఉండదు. కత్తిపరిగ అడుగు మట్టిని జల్లెడ పట్టి తినే చేప కాబట్టి ఆ మట్టిలో ఏముంటే అది చేపలోకీ చేరే వీలుంది. ఫ్యాక్టరీ కాలవలు, ఊరి మురుగు కలిసే చోట పట్టిన చేపకు వాసన లేదని సంబరపడకూడదు. మట్టి వాసన ఒక రకంగా నయం.. ఉన్నట్టు ముందే చెబుతుంది.

ఇక్కడ బురద చేప.. అక్కడ బంగారం

మన దగ్గర చిన్నచూపు చూసే ఈ చేపకు ప్రపంచంలో చాలా చోట్ల రాజమర్యాద ఉంది. కేరళలో 'తిరుత' పేరుతో దీన్ని ఇష్టంగా కొంటారు. ఇటలీలో దీని గుడ్ల సంచిని ఉప్పు పెట్టి ఎండబెట్టి 'బొట్టార్గా' అంటారు. జపాన్‌లో అదే 'కరాసుమి'. రెండూ ఖరీదైన వంటకాలే. ఈజిప్టులో వసంత పండుగకు దీన్ని ఉప్పులో పులియబెట్టి 'ఫెసీఖ్' చేస్తారు. అయితే సరిగా చేయకపోతే ప్రాణాల మీదకు వస్తుందని అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరిస్తుంటుంది.

ఖరీదైన మేత అక్కర్లేకుండా నాచు తిని పెరిగే చేప కాబట్టి మన శాస్త్రవేత్తలూ దీని మీద దృష్టి పెట్టారు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, సీబా, దీని పిల్లల్ని హేచరీలో పుట్టించే పద్ధతి మీద పనిచేసింది. రేపు రొయ్యల చెరువుల్లో ఇది తోడుగా పెరిగినా ఆశ్చర్యం లేదు. కానీ చెరువు నీళ్లు పచ్చబడితే అక్కడా అదే మట్టి వాసన, అదే తక్కువ ధర.

మొత్తానికి తేలేది ఒక్కటే. కత్తిపరిగ తన రుచి తాను తెచ్చుకోదు, తానున్న నీళ్ల రుచి మోసుకొస్తుంది. మొగలో నీళ్లు పారుతుంటే చేప బాగుంటుంది. కాలవ మురిగితే చేప మురుగుతుంది. చేపను తిట్టుకుని మానేస్తే కాలవ బాగుపడదు, వల వేసేవాడి ఇల్లు గడవదు.

అందుకే ఈసారి మార్కెట్‌కు వెళ్లినప్పుడు "కేజీ ఎంత?" అని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగండి.. "ఇది ఏ నీళ్లలో పట్టింది?" సముద్రం వైపు మొగలో, ఇవాళ తెల్లవారుజామున పట్టిందని తెలిస్తే ధైర్యంగా తెచ్చుకోండి. ఇంట్లో చింతపండు మాత్రం నానబెట్టి ఉంచండి!